వేయించారా? వేశారా?

మా ఇంటికి దగ్గర్లో వున్న మెట్రో స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి దాటాక, ఎల్బీనగర్ ఇంకొక్క స్టేషనుందనగా వస్తుంది. 2018లో రైలు ఇటువైపు నడవడం మొదలుపెట్టిన కొత్తలో, ఊరినుంచి వచ్చిన మా బాబాయిగారు "కలకత్తా పాలరాతి మేడ మీ వీధిలోకి ఎప్పుడొచ్చిందే అమ్మాయ్!" అని హాస్యమాడారు. ఆ మేడ వేరు, ఇది వేరు. 1901లో విక్టోరియా రాణి పోయిన తరవాత, ఆరో నిజాం హయాంలో, ఆవిడ పేరుమీద సరూర్‌నగర్లో అనాథ పిల్లలకోసం వెలిసిన ఆశ్రమం ఇది. రాణీ పోయింది, నిజామూ పోయాడు. కూరల సంచులతో రైలు దిగే మాలాంటి వాళ్ళ నోట్లో మాత్రం ఆవిడ పేరు మిగిలింది.

ఈ పేరు గొడవ ఇప్పుడెందుకంటే, మా పైవాటాలో అద్దెకున్న సూర్యాపేట వాళ్ళమ్మాయి డిగ్రీ అయిపోయి, ఇక నాటకశాఖలో పై చదువు చదువుతానని కూచుంది. గచ్చిబౌలి దగ్గరి సెంట్రల్ యూనివర్సిటీలో ఆ చదువుంది. తల్లికి నిద్ర పట్టడం లేదు. తండ్రి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో లెక్కలు రాసేవాడు. మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక రోజూ అంత దూరం పోయి వస్తున్నాడు. ఆయన చెవిన ఈ మాట ఇంకా వెయ్యలేదు. "గా నాటకాల సదువు సదివి ఏం జేస్తదక్కా? సంబంధమొస్తే వాళ్ళకు ఏమని జెప్పాలె?" అని నన్నడిగింది. నవలలు రాసేదాన్ని కదా, ఇలాంటి వాటికి నా దగ్గర జవాబుంటుందని ఆవిడ నమ్మకం.

పిల్ల అడిగింది వేరు. ఎక్కడో లైబ్రరీలో ఎలెన్ టెరీ అనే ఇంగ్లీషు నటి కథ చదివి వచ్చి, "పెద్దమ్మా, విక్టోరియా రాణి ఉన్నప్పుడు మన తెలుగోళ్ళల్ల ఆడోళ్ళు స్టేజీ ఎక్కిన్రా?" అంది.

"ఎక్కకేం, ఎక్కారు. సురభి వాళ్ళు" అన్నాను తడుముకోకుండా.

అని వూరుకోకుండా, పిల్లకి వివరంగా చెబుదామని ఇంట్లోవున్న నాటకాల పుస్తకాలూ, పాత సంచికలూ కిందికి దించాను. అప్పుడొచ్చింది నాకు చిరాకు. అన్నిట్లోనూ విషయం ఒకటే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడారు. తోలుబొమ్మలాడించే కుటుంబాలు బొమ్మలు పక్కన పెట్టి తామే వేషాలు కట్టాయి. అంతవరకూ బాగుంది. ఆ తరవాత వాక్యం: "స్త్రీ పాత్రలను స్త్రీలచేతనే వేయించారు."

వేయించారు! చూశారా ఆ క్రియ? చేసినవాళ్ళొకరు, చేయించినవాళ్ళొకరు. మన భాషలో చేయించినవాళ్ళు కర్త అవుతారు, చేసినవాళ్ళు 'చేత' విభక్తిలోకి జారిపోతారు. గుడి కట్టించాడు, చెరువు తవ్వించాడు, ఆడవాళ్ళచేత వేషాలు వేయించాడు. రాయి మోసినవాడి పేరు శాసనంలో వుండదు కదా, అలాగే.

గోవిందరావుగారి గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యటం లేదు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఆయన చేసింది సామాన్యమైన పని కాదు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడితే బుచ్చమ్మా మగవాడే, మధురవాణీ మగవాడే. ఆడపిల్లల్ని అమ్ముకోవద్దని చెప్పే నాటకంలోనే ఆడపిల్ల లేదు! బళ్ళారిలోనూ, చెన్నపట్నంలోనూ చదువుకున్న పెద్దమనుషులు సభలు పెట్టి నాటకాలు ఆడుతున్న కాలమది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చిక్కు తెరల వెనక కూచుని చూడటమే గగనం. స్టేజీ మీద పాడి ఆడే ఆడదంటే కళావంతుల మనిషే అయి వుండాలని లోకం లెక్క. ఆ లెక్కలో గౌరవం ఎంత పాలో మీకు చెప్పక్కర్లేదు.

సురభి వాళ్ళు ఈ లెక్కకొక ఉపాయం కనిపెట్టారు. మొగుడు రాముడైతే పెళ్ళాం సీత. మామగారు దశరథుడు, అత్తగారు కైక, మరిది లక్ష్మణుడు, పిల్లలు లవకుశులు. కంపెనీ అంటే కుటుంబం, కుటుంబమంటే కంపెనీ. ఇంక ఎవరేమనగలరు? ఎవరో పరాయివాడి పక్కన నిలబడితే కదా మాట! గోవిందరావుగారికి ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్ళు అంటారు. పదిమంది ఆడపిల్లలంటే ఆ కాలంలో ఇంకే ఇల్లయినా కుప్పకూలి వుండేది. ఇక్కడ కూతురికి పెళ్ళయితే, కొన్నాళ్ళకి పిల్లాజెల్లాతో ఆ జంట ఇంకో సమాజం పెట్టుకునేది. ఒకటి రెండై, రెండు నాలుగై, ఒక దశలో 30కి పైగా సమాజాలయ్యాయి. అంటే ఈ వంశవృక్షం విస్తరించింది ఎక్కువగా ఆడపిల్లల కొమ్మల మీదనే. మరి పుస్తకాల్లో ఆ పదిమంది పేర్లూ వరసగా ఎక్కడన్నా కనిపిస్తాయేమో వెతకండి.

గౌరవం కోసం కట్టిన ఈ గోడకి ఖరీదు కూడా వుంది. దాన్ని గురించి ఎవరూ రాయరు. బయటి కంపెనీలో పనిచేసే ఆడదానికి జీతమన్నా వుంటుంది, నచ్చకపోతే మానేసి పోవచ్చు. ఇంటి కంపెనీలో జీతమేమిటి? కోడలు వంట చేసినందుకు జీతమడుగుతుందా? పొద్దున్న వంట, మధ్యాహ్నం పిల్లల పని, సాయంత్రం రిహార్సలు, రాత్రి ద్రౌపది. తెల్లారి మళ్ళీ పొయ్యి. ఊరు మారితే సామాను మూటలు. ఆదివారమనేది లేదు. ఇదంతా 'కుటుంబ జీవితం' అనే మాటలో సర్దేస్తాం.

సురభి కమలాబాయి పుట్టుక కథ మీలో చాలామందికి తెలిసే వుంటుంది. తల్లి వెంకూబాయి నిండు చూలాలు. దమయంతి వేషం వేసి ఆడుతుండగా నొప్పులొచ్చాయి. స్టేజీ మీదనే ప్రసవించింది. చూసేవాళ్ళు అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారనీ, సంగతి తెలిశాక డబ్బులు కురిపించారనీ చెబుతారు. కమలాబాయి గురించి రాసిన ప్రతి వ్యాసమూ ఈ కథతోనే మొదలవుతుంది. "పుట్టుకతోనే నటి" అని ముగింపు వాక్యం కూడా సిద్ధంగా వుంటుంది.

ఇందులో ఎంత జరిగిందో, ఎంత నోటినోటా పెరిగిందో అటుంచండి. కథను చెప్పే తీరే నాకు మింగుడుపడదు. ఇద్దరు బిడ్డల తల్లిగా అడుగుతున్నాను: ఆ రాత్రి వెంకూబాయి స్థితి ఏమిటి? నెలలు నిండిన మనిషి ఎందుకు వేషం కట్టాల్సి వచ్చింది? బదులు కట్టేవాళ్ళు లేకనా, టిక్కెట్లు అమ్ముడయి పోయాయనా? మిగతా నాటకం ఏమయింది? నలుడొక్కడే అడవిలో తిరిగాడా? ఎన్నో రోజుకి ఆవిడ మళ్ళీ ముఖానికి రంగు పూసుకుంది? ఈ ప్రశ్నలేవీ లేకుండా డబ్బులు కురిసిన సంగతి మాత్రం జాగ్రత్తగా చెబుతాం. కమలాబాయి పుట్టుకతో నటి అయిందో లేదో నాకు తెలియదు గానీ, వెంకూబాయి మాత్రం నొప్పులు పడుతూ కూడా పనిలో వున్న మనిషి. మెచ్చుకోవలసింది ఎవరినో మరి.

చిత్రమేమిటంటే ఆ ఇంగ్లీషు నటి కథా ఇలాగే మొదలవుతుంది. ఎలెన్ టెరీ తల్లిదండ్రులు కూడా ఊరూరా తిరిగి నాటకాలాడేవాళ్ళే. 1847లో వాళ్ళు ఆట కోసం కోవెంట్రీ అనే ఊళ్ళో మకాం పెట్టినప్పుడు, అద్దె గదిలో ఎలెన్ పుట్టింది. అక్కచెల్లెళ్ళందరూ స్టేజీ మీదకి నడిచినవాళ్ళే. వాళ్ళదీ ఒక సురభి! 1856లో, తొమ్మిదేళ్ళ వయసులో, షేక్‌స్పియర్ నాటకంలో రాజుగారి కొడుకు వేషం వేసి మొదటిసారి లండన్లో కనిపించింది. ఆ రాత్రి ప్రేక్షకుల్లో ఎవరున్నారనుకున్నారు? మన స్టేషను మహారాణి విక్టోరియాయే! వేషానికి ఇచ్చిన బొమ్మబండి కాళ్ళకడ్డం పడి పిల్ల వెల్లకిలా పడిపోయింది. రాణిగారి ఎదట పరువు పోయిందని ఎంత ఏడ్చిందో, అరవయ్యేళ్ళు పైబడ్డాక 1908లో అచ్చయిన తన జీవితకథలో తానే చెప్పుకుంది.

తానే చెప్పుకుంది. నాకు అసూయగా వున్నది అక్కడే. పదహారేళ్ళు దాటగానే తనకంటె ముప్ఫయ్యేళ్ళు పెద్దవాడయిన చిత్రకారుడికిచ్చి పెళ్ళిచేస్తే ఏడాది తిరక్కుండా ఆ కాపురం ముగిసింది. తరవాత పెళ్ళి లేకుండానే గాడ్విన్ అనే వాస్తుశిల్పితో కాపురం పెట్టి ఇద్దరు పిల్లల్ని కన్నది. విక్టోరియా కాలపు పెద్దమనుషులు ఎంతగా ముఖం తిప్పుకుని వుంటారో ఊహించుకోండి. అయినా పిల్లల్ని పోషించుకోవాలి గనక మళ్ళీ స్టేజీ ఎక్కింది. 1878 నుంచి రెండు పుష్కరాల పాటు హెన్రీ ఇర్వింగ్ పక్కన లైసియం థియేటర్లో ఏలింది. ఆవిడ లేడీ మాక్‌బెత్‌గా కట్టిన ఆకుపచ్చ గౌను నిండా నిజమైన పురుగుల రెక్కలు కుట్టారు. మన జీర్జింబె రెక్కల లాగా తళతళలాడేవి. ఆ గౌను ఇప్పటికీ ఆవిడ ఇంట్లో భద్రంగా వుంది. మన నటీమణుల చీర ఒక్కటన్నా ఎక్కడన్నా దాచామా?

అంతటి ఇంగ్లండులోనూ ఒక ముచ్చట చూడండి. ఇర్వింగ్‌కు 1895లోనే 'సర్' బిరుదొచ్చింది. పక్కన నిలబడి అంతే బరువు మోసిన ఎలెన్‌కు దానికి సాటివచ్చే బిరుదు 1925లో వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు ఆలస్యం! అప్పటికి ఆవిడకు డెబ్భయ్యేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. ఇంకో మూడేళ్ళకు పోయింది. షేక్‌స్పియర్ కథానాయికల్లో ఆవిడకు అచ్చుగుద్దినట్లు సరిపోయే రోజలిండ్ పాత్ర జన్మలో వెయ్యలేకపోయింది. ఎందుకంటే ఆ నాటకంలో ఇర్వింగ్‌కు తగిన వేషం లేదు గనక! ఇలాంటి సంగతులు మన ఇళ్ళల్లోనూ జరుగుతుంటాయి. ఆయనకు ఇష్టం లేని కూర ఆ ఇంట్లో వండరు.

ఇక మన దేశానికొద్దాం. స్థానం నరసింహారావుగారు 1971లో పోయారు. సురభి కమలాబాయి కూడా అదే సంవత్సరం పోయింది. ఒకే తరం, ఒకే రంగం. ఆయన ఆడవేషాలు వేసి పేరు తెచ్చుకున్న మగవాడు. ఆవిడ ఆడవేషాలతోపాటు మగవేషాలూ వేసిన ఆడది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 'నటస్థానం' అని తన అనుభవాలు తానే రాసుకున్నారు. ఆయన సత్యభామ నడకా, చీరకట్టూ చూసి పెద్దింటి ఆడవాళ్ళు నేర్చుకునేవారని ఇప్పటికీ చెబుతారు. మా అమ్మమ్మ కూడా చెప్పేది. నేను కాదనను. ఆయన మహానటుడు. ఆడదాని ఓర చూపుకీ, దొంగ అలకకీ, నిజం అలకకీ మధ్యనున్న తేడాలు పట్టుకోవటానికి ఆయన పడ్డ శ్రమకు నమస్కారం పెట్టాల్సిందే.

నా తగాదా ఆయనతో కాదు, మెచ్చుకున్న వాళ్ళతో. మగవాడు ఆడవేషం వేస్తే దాన్ని 'కళ' అన్నారు. ఆడది ఆడవేషం వేస్తే 'సహజంగా వుంది' అన్నారు. సహజం అనేది మెప్పులాగే వినిపిస్తుంది గానీ, కాస్త నిదానించి చూస్తే అందులో ఒక దొంగ దెబ్బ వుంది. సహజమైనదానికి శ్రమ ఏముంది? ఆడది కదా, ఏడవటం వచ్చే వుంటుంది, సిగ్గుపడటం వచ్చే వుంటుంది. వంట బాగుంటే "నీ చేతిలో వుందమ్మా ఆ రుచి" అంటారే, అలాంటిది. చేతిలో ఏముంటుంది? ఎన్నిసార్లు మాడ్చుకుంటే వచ్చిందో! ఎలెన్ టెరీని కూడా విమర్శకులు ఆవిడ సొగసూ, ఆడతనమూ అని పొగిడారు. ఆవిడ వాడిన నాటకం పుస్తకాల్లో అంచులనిండా సొంత చేతిరాతలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో గుర్తులున్నాయి. సహజమైతే ఇన్ని గుర్తులెందుకు?

అంతెందుకు, సురభి వాళ్ళ మాయాబజార్‌నే తీసుకోండి. కొన్నేళ్ళ క్రితం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, లలితకళాతోరణంలో చూశాను. దిల్‌సుఖ్‌నగర్ డిపోనుంచి బస్సెక్కి మా వీధి ఆడవాళ్ళం ఐదుగురం కలిసి వెళ్ళాం. తెర తరవాత తెర ఎలా మారుతోందో తెలియలేదు. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి నిప్పులు కక్కాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరివస్తుంటే మా పక్కావిడ మనవడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరూ ఆ తీగెల మాయ గురించే చెబుతారు. నాకు నచ్చిన మాయ వేరే వుంది: మాయా శశిరేఖ.

ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళిపీటల మీదకి వస్తాడు కదా. ఆ ఘట్టంలో నటి చెయ్యాల్సిందేమిటి? ఒక ఆడమనిషి, లోపల రాక్షసుడై, ఆ రాక్షసుడు మళ్ళీ పైకి ఆడపిల్లగా నటిస్తున్నట్లు నటించాలి. ఆ రాత్రి ఆ అమ్మాయి చీరకుచ్చిళ్ళు పట్టుకున్న తీరులోనే తేడా చూపించింది. అంతకుముందు సీనులో రెండు వేళ్ళతో పట్టుకుంది. ఇప్పుడు గద పట్టుకున్నట్లు పిడికిలితో పట్టుకుంది. నడిచేటప్పుడు మడమ ముందు ఆనించింది. అంతే! హాలంతా విరగబడి నవ్వింది. 1957 సినిమాలో సావిత్రి చేసిన దానికి మనం మురిసిపోతాం. సావిత్రికి దగ్గరగా కెమెరా వుంది. ఈ అమ్మాయికి నలభయ్యో వరసలో కూచున్న నాదాకా ఆ పిడికిలి కనిపించాలి. దీన్ని ఏ సహజం కింద జమకట్టాలి?

ఆట అయ్యాక కుతూహలం కొద్దీ తెరవెనక్కి తొంగిచూశాను. ఆ శశిరేఖే, పెళ్ళికూతురి బాసికం తియ్యకుండానే, టిఫిను డబ్బాలోంచి మూడేళ్ళ పిల్లాడికి పెరుగన్నం పెడుతోంది. పలకరిద్దామని వెళ్ళి ఏం మాట్లాడాలో తోచక, "బాబు పేరేమిటమ్మా?" అని అడిగి వచ్చేశాను. ఆవిడ పేరు అడగలేదు. ఇంతసేపూ ఇతరుల్ని ఆడిపోసుకుంటున్నాను గానీ, నేను చేసింది మాత్రం ఏమిటి?

కమలాబాయి కూడా చిన్నప్పుడు బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి వేషాలతో మొదలుపెట్టి, పెద్దయ్యాక నాయికగా నిలబడింది. హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' తీసినప్పుడు సురభి నాటకాన్నే ఆధారం చేసుకున్నారు. అందులో లీలావతి ఆవిడే. అందుకని "తొలి తెలుగు కథానాయిక" అని బిరుదు తగిలించాం. ఆ సినిమా విడుదలయింది 1931 సెప్టెంబరు 15న అని చాలాకాలం అనుకుని, కాదు 1932 ఫిబ్రవరి 6న అని తరవాత పరిశోధించి తేల్చుకున్నాం. తారీకు కోసం మగవాళ్ళు చాలా శ్రమపడ్డారు, మంచిదే. లీలావతి ఎలా చేసిందన్న దాని గురించి ఇందులో పదోవంతు చర్చయినా జరగలేదు. సినిమా ప్రింటే మిగల్లేదు, చర్చించేదెలా అంటారు. అదీ నిజమే. కానీ ఆలోచించండి. హిరణ్యకశిపుడికి అరవటం వుంది, ప్రహ్లాదుడికి పాడటం వుంది. లీలావతికి వున్నదల్లా ఇద్దరి మధ్యా నలగటం. కొడుక్కి విషమివ్వమని మొగుడంటాడు. మైకు కొత్త, కెమెరా కొత్త, వూరు కొత్త. స్టేజీ మీద వెనక వరసదాకా వినిపించేలా పెంచుకున్న గొంతుని ఒక్క మైకు ముందు ఎంత తగ్గించాలో చెప్పేవాళ్ళు లేరు. ముందు చేసినవాళ్ళు వుంటే కదా చెప్పటానికి! మొదటిది కావటమంటే బిరుదు కాదు, అడగటానికి ఎవరూ లేకపోవటం.

ఆ వెంటనే పాదుకాపట్టాభిషేకంలో సీత అయింది, శకుంతలలో శకుంతల అయింది. కొన్నాళ్ళు బొంబాయిలో వుండి అక్కడి సినిమాల్లోనూ చేసింది. మళ్ళీ తెలుగులో కనిపించేసరికి నాయికలు మారిపోయారు.

పోయినవాటి సంగతి వదలండి, వున్నదాన్నయినా చూద్దాం. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముడి తల్లి ఎవరనుకున్నారు? కమలాబాయే. పాతికసార్లు ఆ సినిమా చూసివుంటాం, మాంత్రికుణ్ణి అనుకరిస్తాం, రాముడి కత్తియుద్ధం తలుచుకుంటాం. అమ్మని ఎవరు చూస్తారు? నేను మొన్న పనిగట్టుకుని ఆవిడ కోసమే చూశాను. చిన్న వేషమే. అయితే ఆ సినిమాలో మాయలూ మంత్రాలూ ఎరగని మనిషి ఆవిడ ఒక్కతే, ఇంటి మనిషి. మాటల్లో ప్రతి అక్షరం విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. అది స్టేజీ ఇచ్చిన ఆస్తి. చేతులు మాత్రం స్టేజీ చేతులు కావు, ఎక్కువ కదలవు. కొడుకు మీద కోపం తెచ్చుకున్నా ఆ కోపం కిందనుంచి ముద్దు తొంగిచూస్తూనే వుంటుంది. ఎక్కడో ఒకటి రెండు చోట్ల పాతకాలపు రాగం తగులుతుంది, అబద్ధమెందుకు చెప్పాలి. ఏడుపులో కాస్త పద్యం వాసన వస్తుంది. తల్లి వేషాల్లో అంతకంటె గొప్పగా చేసినవాళ్ళు తరవాత చాలామంది వచ్చారు. కానీ ఒకప్పటి శకుంతల, చిన్న వేషమని చిన్నగా చెయ్యలేదు. ఇరవయ్యేళ్ళలో సీత స్థానం నుంచి పేరు ఎవరూ గుర్తుపెట్టుకోని అమ్మ స్థానానికి వచ్చిన మనిషి ముఖంలో ఆ బాధ ఛాయ కూడా కనిపించలేదు. అది శిక్షణ.

ఇంకొక్కటి చెప్పకుండా వుండలేను. 1990లలో బి.వి. కారంత్‌గారు సురభి వాళ్ళతో పనిచేసి 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. (చూశారా, నా కలం కూడా చేయించారనే రాసింది!) జర్మన్ రచయిత బ్రెక్ట్ నాటకం దానికి మూలం. మంచితనంతో అందరికీ పెట్టిపోసి నిలువునా దోపిడీ అయిపోతున్న ఒక ఆడది, బతకటానికి వేరే దారిలేక, గట్టివాడైన మగ చుట్టం వేషం కడుతుంది. పురాణాల రంగు కడుక్కుని బస్తీ వేషం కట్టాల్సి వచ్చినా సురభి కథకి ఇది కొత్తది కాదు. మగవేషం కట్టటమెలాగో, ఇల్లు గడవటానికి వేషం కట్టటమెలాగో వాళ్ళ ఆడవాళ్ళకి తాతలనాటి నుంచీ తెలుసు.

ఇదంతా పైవాటా పిల్లకు చెబితే, మూడు పేజీల నోట్సు రాసుకుని, "మరి సురభి వాళ్ళు ఇప్పుడెక్కడుంటరు పెద్దమ్మా?" అంది. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వుందని చెప్పాను. మన విక్టోరియా స్టేషనులో రైలెక్కి ఆ కొస మియాపూర్‌లో దిగితే అక్కణ్ణుంచి ఎంతో దూరం కాదు. అది చేరాలనుకుంటున్న యూనివర్సిటీ కూడా ఆ దిక్కునే వుంది.

పిల్ల తల్లి మొన్న నేను పాతాళభైరవి చూస్తుండగా పచ్చిపులుసు గిన్నెతో కిందికి దిగింది. గిన్నె బల్ల మీద పెట్టి, నిలబడే కాసేపు చూసింది. కూచోమంటే కూచోలేదు.

"గా తల్లి ఏషం గట్టినామె ఎవరక్కా? మాట మంచిగున్నది."

చెప్పాను. వెంకూబాయి సంగతి కూడా చెప్పాను. నొప్పులు రావటం వరకే చెప్పాను, డబ్బులు కురవటం చెప్పలేదు.

"మరి గామె మొగుడేడి? ఏం జేస్తున్నడప్పుడు?" అంది వెంటనే. ఏ వ్యాసంలోనూ ఎవరూ అడగని ప్రశ్న అది. నా దగ్గర జవాబు లేక గిన్నె మూత తీసి వాసన చూశాను.

ఆవిడ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఫారం ఇయ్యనీకి ఆఖరు తారీకెప్పుడో జర పిల్లనడుగక్కా, నేనడిగిన్నని జెప్పకు" అంది. ఇంటాయన బాటసింగారం నుంచి ఇంకా రాలేదు.